పదిహేను రోజుల మాత్ర

నలభై ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్న అబద్ధమే. ఆడడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. మా ఆవిడకు సైతం చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల మొదట్లో రాజోలు దగ్గర ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండరుగా ఉండేవాణ్ణి. నా హస్తవాసి మంచిదని పేరు. ఆ పేరంటే నాకు పిచ్చి.

ఆ ఊళ్ళో బడి నుంచి రిటైరైన కరుణమ్మ టీచరుగారికి ఛాతీలో మంట. తిన్నది పుల్లగా గొంతులోకి ఎగదన్నేది. ఆదివారం చర్చిలో బైబిలు పాఠం చదివేది ఆవిడే. చదువుతుండగా గొంతు పట్టేసేది. డాక్టరుగారు ఒక మాత్ర రాశారు. అది కడుపులోని తిండిని త్వరగా కిందికి దించుతుందట, అన్నవాహిక అడుగున ఉండే కండరాన్ని బిగించి పులుపు పైకి రాకుండా చేస్తుందట. అయితే పదిహేను రోజులే ఇవ్వమన్నారు. పెద్ద వయసువాళ్ళు ఏళ్ళ తరబడి వాడితే నోరు, నాలుక వాటంతటవే ఆడడం మొదలవుతుందనీ, ఒక్కోసారి అది ఇక తగ్గదనీ నన్ను హెచ్చరించారు.

మా వైపు మందుల చీటీకి గడువుండదు. ఒకసారి గుణమిచ్చిందంటే దాన్ని మడిచి దాచుకుని, మళ్ళీ మళ్ళీ అదే తెస్తారు. ఆవిడా తెచ్చేవారు. డాక్టరుగారి దాకా ఎందుకని నేనే మాత్రలు పొట్లం కట్టి ఇచ్చేవాణ్ణి. మంట పోయింది. అంతా నా చేతి చలవేనని ఆవిడ ఊరంతా చెప్పారు. పదిహేను రోజులు కాస్తా రెండేళ్ళయ్యాయి. హెచ్చరిక మరిచిపోయానా? లేదు. ఆవిడ పొగుడుతుంటే గుర్తు చేసుకోబుద్ధి కాలేదు, అంతే.

ఒకరోజు ఆవిడ ఖాళీ నోరు నములుతూ వచ్చారు. నాలుక బయటికొచ్చి లోపలికి పోతోంది. చూడగానే నాకు తెలిసిపోయింది.

"కాంపౌండరుగారూ, ఈ నోరు నా మాట వినట్లేదండి. మాత్ర వల్ల కాదు కదండీ?"

"అబ్బే, మాత్రేం చేస్తదండి? పళ్ళు ఊడిపోయేయి కదండీ. వయసండి."

"ఆయ్. మీరు చెప్పేరంటే అంతేనండి."

ఆ రోజే మాత్ర ఆపేసి, మంటకు తెల్లమందు సీసా ఇచ్చాను. మంట తిరిగొచ్చింది. నోరు మాత్రం ఆగలేదు. అప్పుడైనా నిజం చెబితే డాక్టరుగారు కాకినాడ పెద్దాసుపత్రికి పంపేవారేమో. తగ్గేదో లేదో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా ఆవిడకు లేకుండా చేసింది నేనే కదా?

ఒక ఆదివారం పాఠం మధ్యలో పిల్లలెవరో ఆవిడ నోటిని వెక్కిరిస్తూ నవ్వారు. పెద్దవాళ్ళూ కొందరు నవ్వాపుకున్నారు. ఆవిడ పుస్తకం మూసి, వచ్చి కూర్చున్నారు. మళ్ళీ చదవలేదు. కొన్నాళ్ళకు చర్చికి రావడమే మానేశారు. నేను ఆ రోజు మూడో వరసలో ఉన్నాను. ప్రార్థనలో ఉన్నట్టు తల వంచుకున్నాను. సిగ్గు లేని మనిషిని.

ఐదేళ్ళకు ఆవిడ పోయారు. సమాధి దగ్గర వాళ్ళమ్మాయి నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. అమ్మ రోజూ ప్రార్థనలో నా పేరు తలచుకునేవారని చెప్పింది. నేను తలూపాను. ఆ ఇంట్లోనే భోజనం చేసి వచ్చాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సినావిడ లేరు. అది మాత్ర వల్లే వచ్చింది. తెలిసే ఇచ్చాను, తెలిసే కాదన్నాను. ఈ రెండు ముక్కలూ రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. రాశాక కొంచెం ఊపిరాడుతోంది.