అమావాస్య సెలవు

ఎమ్మిగనూరులో నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టినప్పుడు రోగుల కంటే ముందు మా అన్న దిగాడు. ఆదోనిలో అతనికి మందుల షాపు ఉంది. దగ్గు మందు అమ్మినవాడు ఏదైనా అమ్మగలడని అతని నమ్మకం.

"నీకు వైద్యం వస్తాది. జనాన్ని రప్పించేది నాకిడిసిపెట్టు," అన్నాడు.

విడిచిపెట్టాను. దసరాలోగా క్లినిక్ నిలబడకపోతే గది ఖాళీ చేసి అతని షాపు కౌంటర్ వెనక నిలబడాలని ఇంట్లో ఒప్పందం. మనిషి ఒంట్లో ఉన్న ఎముకలూ కండరాలూ అన్నీ చదివి, చివరికి తలనొప్పి మాత్రలు చింపి ఇవ్వడమంటే నాకు ఏడుపొచ్చేది.

మొదట ఫ్లెక్సీ కట్టించాడు. ఇంటర్నెట్లోంచి ఒక దొరసానిని పట్టుకొచ్చాడు. బంగారు జుట్టు, రెండు చేతులూ నడుము మీద, ముఖం నిండా బాధ. పక్కనే పాస్‌పోర్టు ఫొటోలో నేను, ఆమెను ఏమాత్రం పట్టించుకోకుండా నవ్వుతున్నాను. కింద అత్యాధునికం, అంతర్జాతీయం, సమగ్రం అని పెద్ద పెద్ద మాటలు. నడుము నొప్పి అన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

ఆ సాయంత్రం ఇద్దరు ఆడవాళ్లు దాని కింద ఆగారు. నేను తలుపు చాటున నిలబడి ఆశగా విన్నాను.

"పాపం, ఆ యమ్మకు ఎంత నొప్పో. ఈడ సూపించుకునేకి వచ్చిందేమో."

"సూపించుకున్నాక అట్లయిందేమో, ఎవురికి తెలుసు!"

ఇద్దరూ గబగబా వెళ్లిపోయారు.

తర్వాత మైకు ఆటో తిరిగింది. ఆ ఆటోవాడు అదే వారం చీరల తగ్గింపు ప్రకటన కూడా ఒప్పుకున్నాడు. రెండూ కలిపి ఒకే రికార్డు చేసుకున్నాడు. "మెడ నొప్పా, నడుము నొప్పా, ఒకటి కొంటే ఒకటి ఉచితం" అని ఊరంతా చాటాడు. నేను పళ్లు నూరుతుంటే అన్న మురిసిపోయాడు.

"జనం నగుతాండారంటే నీ పేరు తెలిసినట్టే గదా!"

అంతటితో ఆగలేదు. సెల్‌ఫోన్లో వీడియో తీయించాడు. అందులో అతనే రోగి. కుంటుతూ లోపలికి వచ్చి, గంతులేస్తూ బయటికి వెళ్తాడు. చుట్టాలు మొదటి సగమే చూసినట్టున్నారు. అన్న కాలికి ఏమైందని ఆదోనిలో మా అమ్మకు వారం పాటు పరామర్శ ఫోన్లు వచ్చాయి.

ఇంత హడావిడికీ వచ్చిందెవరంటే, క్రికెట్లో చెయ్యి బెణికిన వాళ్లూ, మంత్రాలయం బస్సు వచ్చేదాకా ఫ్యాను కింద కూర్చునే వాళ్లూ. నా గది వెనక సందు నిండా నేతపనివాళ్ల ఇళ్లే. గుంత మగ్గంలో కాళ్లు దించి పొద్దంతా వంగి కూర్చునే మనుషులు. వాళ్ల నడుముల కోసమే ఈ ఊరు ఎంచుకున్నాను. వాళ్లలో ఒక్కరూ గడప తొక్కలేదు. ఆదివారాలు కూడా తెరిచి కూర్చున్నాను. ఆదివారం కూడా మగ్గాలు టకటకలాడుతూనే ఉండేవి. ఆ చప్పుడు వింటే ఒళ్లు మండేది.

సెలవంటూ ఉన్నది ఒక్క అమావాస్యకే. అదీ అన్న పెట్టిన నియమమే. ఆ రోజు వైద్యం మొదలుపెడితే రోగం ముదురుతుందని ఎవరూ రారట, కరెంటు దండగట. ముందురోజు సాయంత్రమే నేను ఆదోని బస్సెక్కేదాన్ని.

శ్రావణం చివరికి నాకు ఓపిక అయిపోయింది. గది ఖాళీ చేస్తానని ఇంటి యజమానికి చెప్పేశాను. సామాను తేవడానికి వ్యాను అమావాస్య నాడే దొరికింది, ఆ రోజు ఇంకెవరూ సామాను కదిలించరు కాబట్టి.

పొద్దున్నే బస్సు దిగి క్లినిక్ దగ్గరికి వెళ్తే ఏదో తేడాగా అనిపించింది. మగ్గాల చప్పుడు లేదు. సందులో ఎవరైనా పోయారేమో అనుకున్నాను. నా షట్టర్ ముందు మెట్ల మీద ఒక అవ్వ, ఒక తాత తలస్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని కూర్చున్నారు. వాళ్ల వెనక ఇంకొందరు నడుములు పట్టుకుని నిలబడ్డారు, అచ్చం ఫ్లెక్సీలో దొరసాని లాగే.

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "ఆ బొమ్మలో నగేదానివి నువ్వే గదా? యాడికి పోతావు తల్లీ? వచ్చినప్పుడంతా బీగమే. మైకులో రమ్మంటారు, వస్తే తలుపేసుకుంటారు."

"మీరు ఎప్పుడొచ్చారవ్వా?"

"అమావాసకే. ఇంగెప్పుడొస్తాం?"

తాత నన్ను జాలిగా చూశాడు. "మగ్గం దిగేది ఆ పొద్దు ఒగటే గదమ్మా. తక్కిన దినాలు యాడ కుదుర్తాది?"

ఫ్లెక్సీ పనిచేసింది. ఆ దిక్కుమాలిన ఆటో కూడా పనిచేసింది. వాళ్లు రావడం వచ్చారు. నేనే లేను. ఆదోనిలో అమ్మ చేసిన ఉగ్గాని తింటూ, రోగులు రావడం లేదని ఏడుస్తూ కూర్చున్నాను. మగ్గాలు ఆగే రోజు ఒక్కసారైనా ఊళ్లో ఉంటే కదా నాకు తెలిసేది! సిగ్గేసింది. గబగబా తాళం తీసి, షట్టర్‌ను ఒక్క ఊపున పైకెత్తాను.

వ్యాను వచ్చేసరికి తాత బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాడు.

"ఏం ఎక్కించాలక్కా?" అన్నాడు డ్రైవరు.

బల్ల తప్ప పెద్ద సామాను లేదు. అంత దూరం వచ్చినవాణ్ణి ఖాళీగా పంపడం ఎందుకని ఫ్లెక్సీ విప్పించి, చుట్టి, అన్న షాపులో దించమన్నాను.

గది ఉంచుకుంటానని ఇంటి యజమానికి చెప్పి, గోడ మీద పెయింటరుతో రెండే ముక్కలు రాయించాను. నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి. అమావాస్య నాడు తెరిచి ఉంటుంది. అన్న ఫోనులో గుండెలు బాదుకున్నాడు.

"అమావాస్య అని గోడ మీద రాస్తారా ఎవరన్నా? దాన్ని సూసి ఒక్కడు రాడు!"

అతను ఫోను చేసింది తర్వాతి అమావాస్య నాడే. ఫోను బయట జనం వైపు తిప్పి పట్టుకున్నాను. కాసేపు విని పెట్టేశాడు.

ఆ రోజు కూడా మొదట వచ్చింది అవ్వే. గుమ్మం దాటబోతూ పైకి చూసి, ఖాళీ ఇనప చట్రాన్ని గమనించింది.

"ఆ తెల్లామె యాడ? నడుము తగ్గిందా?"

"తగ్గిందవ్వా," అన్నాను. "ఆదోనికి పోయింది. నా బదులు."