నీడకు జరిపిన సైకిల్

ఈ రోజు పొద్దున కోసపాళయంలో మా ఇంటి కింద చిన్న గొడవ జరిగింది. నాకు మేడగది ఇచ్చిన ఇంటాయన కింది వాటాలో సైకిళ్ళు అద్దెకిస్తాడు. వీపున సంచులు తగిలించుకుని దేశాలు తిరిగేవాళ్ళే ఆయనకు బేరం. అలాంటి జంట ఒకటి సైకిల్ని ఎండలో నిలబెట్టి టిఫినుకు వెళ్తే, పక్కింటావిడ సీటు కాలిపోతుందని జాలిపడి దాన్ని గోడ నీడకు జరిపింది. ఇంటాయన దుకాణంలోంచి పరుగెత్తుకొచ్చాడు. "ఏందక్కా, ఎవుర్నడిగి తీస్తివి? యాడ పెట్టినోళ్ళు ఆడనే గదా చూస్తారు!" అని ఒకటే కేకలు. వీధంతా నవ్వింది. మేడ మీద కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ నాకు మాత్రం అరికాళ్ళు చల్లబడ్డాయి.

ఇంటాయన పూర్వీకులు ఏనాడో ఈ అరవ ఊళ్ళో స్థిరపడిన తెలుగువాళ్ళు. ఆయనకు తెలుగు చదవడం రాదు గానీ, మాట్లాడడం మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. వయసులో ఉండగా బావుల్లో పూడిక తీసేవాడట. దిగేవాడు తన తువ్వాలు గట్టు మీద పెట్టి దిగాలి, పైకొచ్చి మళ్ళీ తనే తీసుకోవాలి, ఇది వాళ్ళ కట్టుబాటు. ఆరేళ్ళ క్రితం మా వదిన గుహలు చూడడానికి వెళ్తానంటూ సైకిల్ అడిగినప్పుడు, ఆమెతోపాటు నాకూ ఆ పాఠం చెప్పాడు. "కిణరు గట్టు మీద తువ్వాలుందంటే మనిసి లోపల ఉండాడని. గుహకాడ సైకిలూ అంతే సార్. ఇంకెవురూ ముట్టగూడదు." నేను అర్థమైనట్టు తలాడించాను. ఆఫీసులో నేను బాగా నేర్చుకున్న విద్య అదొక్కటే.

వదిన యానాంలో భూగోళం చెప్పే టీచరు. మా అన్నయ్యకు ఫ్యాను కింది నుంచి టీవీ ముందుకు రావడమే ప్రయాణం. ఆమె మాత్రం రిటైరైన నెలకే వీపు సంచి ఒకటి కొనుక్కుని, లావోస్‌లో సైకిల్ మీద ఊరూరా తిరిగి గుహలు చూసొచ్చింది. తర్వాత వియత్నాం వెళ్ళాలని టికెట్ కూడా తీసుకుంది. ఆ మధ్యలో నన్ను చూడ్డానికి వచ్చి, ఇక్కడికి దగ్గర్లో గుహలేమున్నాయని అడిగింది. లోడు ఆటోలో రెండు సైకిళ్ళు వేసుకుని సెంజి కోట దాటి వెళ్ళాం.

అక్కడ కొండంటే గుట్టగా పోసిన నల్లబండలు. వాటి కింద, కొంచెం ఎడంగా, మూడు చీకటి నోళ్ళు. చీకటంటే నాకు భయమని చెప్పడానికి మొహం చెల్లక, కాలు పట్టేసిందని వెనకబడ్డాను. నేను చేరేసరికి ఆమె సైకిల్ నడిమి గుహ ముందు ఎండలో ఉంది. లోపలి నుంచి వస్తున్న గాలి నా కాళ్ళకు చల్లగా తగిలింది. మిట్టమధ్యాహ్నం గబ్బిలాలు రెండు బయటికొచ్చి, దారి తెలియనట్టు తిరిగాయి. మేకలు ఎవరూ అదిలించకుండానే కొండ దిగుతున్నాయి. ఇవన్నీ చూశాను, ఒక్కటీ పట్టించుకోలేదు. సైకిల్ సీటు మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. పాపం వదిన అనుకుని, దాన్ని మూడో గుహ పక్క బండ నీడకు నడిపించి, కొబ్బరిబోండాల కోసం ఊళ్ళోకి వెళ్ళాను.

వాన అక్కడ పట్టుకుంది. అరగంటసేపు చూరు కింద నిలబడ్డాను. ఆకాశం కొండ మీదికి వంగినట్టుంది. తిరిగొచ్చేసరికి బండల సందుల్లోంచి ఎర్రనీళ్ళు దూకుతున్నాయి. మేకలు కాసే భార్యాభర్తలిద్దరు మూడో గుహలోకి దూరి, అరవంలో "అమ్మా, అమ్మా" అని అరుస్తున్నారు. సైకిల్ చూసి లోపల మనిషుందని వెతుకుతున్నారు. నడిమి గుహ నోట్లోకి నీళ్ళు గుడగుడమని పోతున్నాయి. ఆ చప్పుడు ఇప్పటికీ వంటింటి తూములో వినిపిస్తే నేను లేచి బయటికి పోతాను.

"ఇక్కడ కాదు, అక్కడ!" అని నడిమి గుహ చూపిస్తూ అరిచాను. లోపల వదిన కాలు రెండు బండల మధ్య ఇరుక్కుని ఉంది. ఆమె టార్చి ఆరిపోయింది. నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. ఆ ఇద్దరే ఆమెను లాగారు, నేను నా ఫోను టార్చి పట్టుకున్నాను, అంతే.

బయటికొచ్చి కూర్చున్నాక ఆమె మొదట అడిగింది, "నా సైకిల్ అక్కడికెలా వెళ్ళిందయ్యా?" అని. నిజం నా నాలుక మీదే ఉంది. "మీరే పెట్టారు కదా వదినా," అన్నాను. "మరి నేనీ గుహలో ఉన్నానని నీకెలా తెలిసింది?" "మీ కేక వినపడింది." "నేను అరవలేదనుకున్నానే," అంది మెల్లగా.

వాళ్ళమ్మ చివరి రోజుల్లో ఇంటిదారి మరిచిపోయేది. తనకూ అదే మొదలైందని వదిన నమ్మింది. టికెట్ రద్దు చేసుకుంది. సంచి అటకెక్కింది. గ్యాస్ కట్టేశానని చీటీ, తాళం వేశానని చీటీ. చుట్టాలందరికీ మాత్రం, "నా మరిది వినబట్టి బతికాను," అని చెప్పుకునేది. పండక్కి నాకు కొత్తబట్టలు పంపేది. అవి కట్టుకున్న ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి, అయినా నోరు విప్పలేదు.

ఈ రోజు ఇంటాయన కేకలు సద్దుమణగకముందే యానాంకి ఫోను చేశాను. "వదినా, ఆ రోజు సైకిల్ జరిపింది నేను. మీ కేక కూడా నాకు వినపడలేదు."

అవతల కుక్కరు రెండు కూతలు కూసింది. "అయితే నేను అరవలేదన్నమాట," అంది. గొంతులో ఒక్క క్షణం ఆ పాత టీచరు వినబడింది. "నోట్లోకి నీళ్ళొస్తుంటే ఎలా అరుస్తానయ్యా! ఇంతకీ ఎందుకు జరిపావు?"

"సీటు కాలుతుందని."

ఆమె నవ్వింది. తిడుతుందేమోనని ఎదురుచూశాను, తిట్టలేదు. "ఆ ముక్క అప్పుడే చెప్పకపోయావా. అప్పుడు నాకు తిరగడానికి మోకాళ్ళుండేవి," అంది.

ఫోను పెట్టేసి కిందికి చూశాను. ఇంటాయన ఆ సైకిల్ని మళ్ళీ ఎండలోకి తెచ్చి, సరిగ్గా ముందున్న చోటే నిలబెడుతున్నాడు. సైకిల్ని వెనక్కి జరపొచ్చు. ఆరేళ్ళని ఎక్కడ పట్టుకుని జరపాలో నాకు తెలియడం లేదు.