కాలువలో దింపిన మనిషి

మా బావ పోయాడని మొన్న మొవ్వ నుంచి అక్క ఫోన్ చేసింది. "మీ బావ వెళ్ళిపోయార్రా" అని, అంతే, పెట్టేసింది. నాకు రాయడం పెద్దగా రాదు. అయినా ఇది రాయకపోతే అన్నం సయించేలా లేదు.

బందరు పక్కన కలంకారీ అచ్చుల షెడ్డులో ఇద్దరం ఇరవై ఏళ్ళు పక్కపక్క బల్లల దగ్గర పనిచేశాం. బావకి చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. పొద్దున్నే మొదటి అచ్చు గుడ్డ మీద కాదు, తన అరచేతి మీద వేసుకుని చూసేవాడు. "కాలు వంకరే గానీ నా గీత వంకరపోదు బావమరిదీ" అనేవాడు. నిజమే. ఆయన వేసిన అంచులో అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు కనబడేది కాదు.

అచ్చు నిలబడే కొట్టాలి, అది షెడ్డు ఆచారం. వయసు మీదపడ్డాక బావ ఎత్తు స్టూలు ఒకటి అడిగాడు.

"అచ్చు కొట్టడానికి సింహాసనం కావాలంటయ్యా ఈయనకి!" అన్నాడు ఓనరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బావ సోమవారం బందరు వెళ్ళి కలెక్టరాఫీసులో అర్జీ పెట్టాడు. విచారణకి ఆఫీసరు వచ్చేసరికి బల్ల దగ్గర కొత్త స్టూలు ఉంది. "ఎప్పట్నించో ఉందండీ, ఈయనే కూర్చోడు" అన్నాడు ఓనరు. ఆఫీసరు నా వైపు తిరిగి, "నిజమేనా పెద్దాయనా?" అన్నాడు. పని పోతుందని భయం. "నిజమేనండీ" అన్నాను. థూ!

మర్నాడే బావని బల్ల దగ్గర నుంచి తీసేసి, గుడ్డలు జాడించమని కాలువలో దింపారు. మొలలోతు పారే నీళ్ళు. ఆ కాలుతో. మూడుసార్లు పడ్డాడు. లేపడానికి వెళ్తే, "నువ్వు పనిలోకెళ్ళు. నీ బల్లన్నా ఉండనీ" అన్నాడు. ఆ మాటలో వెక్కిరింత లేదు. అదే నన్ను తినేస్తోంది. వారం తిరక్కుండా మానేశాడు. అర్జీల మనిషని పేరుపడి, ఇంకే షెడ్డులోనూ పెట్టుకోలేదు.

బావ జ్ఞాపకార్థ ప్రార్థన కూడికకి ఓనరు పూలదండతో వచ్చాడు. మైకు పట్టుకుని, "మా దగ్గర ఆయన్ని సొంత మనిషిలా చూసుకున్నాం" అన్నాడు. నలుగురిలో నోరు విప్పనివాణ్ణి, లేచాను.

"స్టూలు ఆ పొద్దున్నే తెచ్చారండీ. నేను అబద్ధం చెప్పాను."

పాస్టరుగారు తల దించుకున్నారు. "పెద్దాయన బాధలో ఉన్నారు" అని ఓనరు నవ్వాడు. అక్క నా వైపు చూడలేదు. ఒళ్ళో ఉన్న బావ చొక్కా మడత విప్పి, చేత్తో సాపు చేసి, మళ్ళీ మడతపెట్టింది.