ఆషాఢం లెక్క

తొమ్మిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఇలాంటివి రాసేవాళ్లు గుండె మీద బండ అంటారు. నాది బండంత లేదు. తూకం వేస్తే పావుకిలో ఉంటుందేమో. ఒక మైకు. దాన్ని ఒక పెద్దమనిషి చేతిలోంచి తీసుకున్నాను. లాక్కోలేదు. తడబడితే అందుకొమ్మని ముందురోజు ఆయనే అడిగాడు. అందుకున్నాను. తప్పంతా అక్కడే ఉంది.

మీరెవరో నాకు తెలియదు, అది మంచిదే. మెదక్‌లో నన్ను ఎరిగినవాళ్లకు ఇది చెప్పబోతే మొదటి మాటకే నవ్వుతారు. నేను నోరు తెరిస్తే నవ్వాలని వాళ్లకు అలవాటైపోయింది. చావింట్లో నా పక్కన కూర్చోవడానికి జంకుతారు, ఎక్కడ పరువు పోతుందోనని.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. బీకాం చదివి, పశువుల బీమా చేసే సంఘంలో గుమాస్తాగా చేరాను. కాగితం మీద పాడిరైతుల సంఘం. జనం నోట్లో మాత్రం కంపెనీ. మొదట దానికి ఒక్కటే పని: రైతు దగ్గర బర్రెకింతని ఏటా కట్టించుకోవడం, బర్రె చెవికి నంబరు బిళ్ల వెయ్యడం, చస్తే పైసలివ్వడం. తర్వాత దాని కింద రైసుమిల్లు వచ్చింది. దాణా దుకాణం వచ్చింది. చర్చికి పోయే దారిలో ఫంక్షన్ హాలు వచ్చింది. దేశమంతా తలుపులు తెరుచుకుంటున్న రోజులు, మేము మా షట్టర్లు లేపాం.

ఇదంతా మా చైర్మన్ సాబ్ తెలివి. బర్రె చచ్చేదాకా రైతు కట్టిన పైసలు మన దగ్గరే ఉంటాయి, వాటిని ఊరికే పడుకోబెట్టడమెందుకు అనేవాడు. పైసలు ఆయన మాట విని లేచి పని చేశాయి. లాభం ఏటేటా పెరిగింది. రిపోర్టు రాసేది నేనే, అందులో అబద్ధం లేదు. చైర్మన్ సాబ్ దొంగ కాదు, అదే నా ఇబ్బంది. ఆయన దొంగ అయ్యుంటే ఈ కథలో నా వాటా కొంత తగ్గేది.

ఆ ఏడు ఆయనకు కొత్త ఆలోచన వచ్చింది. హాలు మీద ఇంకో అంతస్తు, ఏసీ హాలు. బీమా నిధిలో చేతికందే డబ్బు ఇంకా కొంత మిగిలి ఉంది. దాన్ని కూడా అందులో పెట్టాలి. అందుకు జనరల్ బాడీలో సభ్యులు చేతులెత్తాలి. మా దగ్గర చేతులెత్తడం పెద్ద కష్టం కాదు. మీటింగు మా హాల్లోనే, వెనకాలే మటన్ ఉడుకుతుంటుంది.

ముందురోజు మధ్యాహ్నం కాంపౌండర్ సార్ నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. పశువుల దవాఖానలో పనిచేసి రిటైరైన మనిషి. మా కంపెనీ తరఫున హవేలిఘనపూర్ చుట్టూ ఊళ్లలో బర్రెల చెవులకు బిళ్లలు వేసేది ఆయనే. రైతులు కంపెనీని చూసి కట్టలేదు, ఆయన్ని చూసి కట్టారు. జేబులోంచి ఒక కాగితం తీసి నా ముందు పరిచాడు. ఒక పక్క పన్నెండు నెలలు, ఇంకో పక్క ఏ నెలలో మనకు ఎక్కడినుంచి పైసలు వస్తాయో.

"బిడ్డా, నువ్వు బీకాం జేసినవ్. గిది జర సూడు. మిల్లు ఆషాఢంల నడుస్తదా?"

"నడవది సార్. వడ్లు అయిపోతయి."

"దాణా?"

"వానలకు పచ్చిగడ్డి మొలుస్తది. ఎవడు కొంటడు?"

"హాలు కిరాయి?"

"ఆషాఢంల పెండ్లిళ్లుండయి. చర్చి పెండ్లిళ్లు ఉంటయి సార్, నాలుగైదు."

"వాటితోని ఎన్ని బర్రెలకిస్తవ్? గొంతువాపు ఎప్పుడొస్తది? తొలి వానలకు. ఆషాఢంలనే. అదొస్తె ఒక్క బర్రె సావది బిడ్డా, ఊరికి ఊరే సస్తయి. గప్పుడు హాలు గోడలు పగలగొట్టి ఇస్తమా?"

"వద్దు సార్, సున్నం కొత్తది."

నవ్వాడు. నిజంగానే నవ్వాడు. తర్వాత కాగితం మీద వేలు పెట్టి, "నవ్వులాటకు గాదు. ఇందుల తప్పేమన్న ఉన్నదా?" అని అడిగాడు.

రెండుసార్లు చూశాను. "లేదు సార్. కరెక్టే."

"అయితే రేపు అడుగుత. ఆ ఉన్న పైసలు బ్యాంకులనే ఉండనియ్యుమంట. నలుగుట్ల నిలవడితె నాకు నోరు రాదు, తడబడ్త. గప్పుడు నువ్వు జర అందుకో. నువ్వు మంచిగ మాట్లాడ్తవు."

"సరే సార్" అన్నాను.

సాయంత్రం చైర్మన్ సాబ్‌కు చెప్పేశాను. ఎందుకు చెప్పాను? అడిగింది లేదు, బెదిరించింది లేదు. తెలిసిన విషయాన్ని పెద్దవాళ్ల చెవిలో వేసి మంచివాడిననిపించుకోవడం ఒక రోగం, దానికి టీకా లేదు. ఆయన అంతా విని, "మటన్ సల్లగయ్యేలోపు మీటింగ్ అయిపోవాలె. నువ్వు సూస్కో" అన్నాడు. అంతే. ఇందులో ఏ కోర్టూ తప్పు పట్టదు.

మర్నాడు కాంపౌండర్ సార్ లేచాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మైకు ఆయన చేతిలో పెట్టింది నేనే. మొదటి వాక్యం బాగానే చెప్పాడు. రెండో వాక్యంలో మిల్లు దగ్గర ఆగాడు. మళ్లీ మిల్లు అన్నాడు. కాగితంలోకి చూశాడు. నా వైపు చూశాడు, అనుకున్నదాని ప్రకారమే. నేను వెళ్లి మైకు అందుకున్నాను.

"సార్, మేం బర్రెలం కాదు. ముందు ఆ సూది సంచిల వెట్టుండ్రి. జర దాణా పెట్టనియ్యుండ్రి."

హాలు ఊగిపోయింది. వెనక వరసలో ఒకాయన దగ్గుకునేదాకా నవ్వాడు. చైర్మన్ సాబ్ నవ్వు తుడుచుకుంటూ, ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి అన్నాడు. నవ్వుతూ లేచిన చెయ్యి ఆలోచించదు. అన్నీ లేచాయి. కాంపౌండర్ సార్ కూర్చున్నాడు. కాగితం కుర్చీ కింద పడింది. భోజనానికి ఆగలేదు.

అందరూ ఆ మాట నాకు అప్పటికప్పుడు తట్టిందనుకుంటారు. తొమ్మిదేళ్లుగా అనుకోనిచ్చాను. అప్పటికప్పుడు కాదు. రాత్రే తయారుచేసుకున్నాను. దాణా మాట ముందు పెట్టాలా, సూది ముందు పెట్టాలా అని అద్దం ముందు రెండు రకాలుగా అని చూసుకున్నాను. ఉద్యోగం పోతుందని భయపడి చేశానని చెప్పుకుంటే కొంచెం మర్యాదగా ఉంటుంది. చాలాకాలం అదే చెప్పుకున్నాను, నాకు నేనే. నిజం ఇంకా చిన్నది. జోకు బాగుంది. బాగున్న జోకును నోట్లో దాచుకోవడం నాకు చేతకాలేదు. ఒక మనిషి నమ్మకానికి ధర కట్టి అమ్మినా కనీసం బేరం జరిగినట్టుండేది. నేను ఉత్త పుణ్యానికి ఇచ్చేశాను.

మరుసటి ఆషాఢంలో గొంతువాపు వచ్చింది. నేను మీకు దీన్ని పెద్ద విషాదంలా చెప్పను, చెప్పడం రాదు. టీకా కొన్ని ఊళ్లకు చేరింది, కొన్నింటికి చేరేలోపే బర్రెలు పోయాయి. బిళ్ల ఉన్న చెవి కోసి తెస్తేనే మా దగ్గర క్లెయిమ్. జనం చెవులు పాలిథిన్ కవర్లలో పట్టుకుని ముందు కాంపౌండర్ సార్ ఇంటికి వెళ్లారు. బిళ్ల వేసిన చెయ్యి ఆయనది కదా. ఆయన వాళ్లందరినీ వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు. కౌంటర్ వెనక నేను. ఆఫీసు కిటికీలోంచి హాలు కనిపిస్తుంది. సగం లేచిన అంతస్తు, పైకి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు. మా పైసలన్నీ ఆ చువ్వల్లో నిలబడి ఉన్నాయి.

నేను చెప్పినట్టే అయిందిగా అంటాడేమోనని ఎదురుచూశాను. అంటే బాగుండేది. "చెవులు వాసనొస్తున్నయి బిడ్డా, నంబర్లు జల్ది రాసుకో" అన్నాడు.

రాసుకున్నాను. పైసలు ఇచ్చాం, ఎగ్గొట్టలేదు. కాకపోతే మాఘంలో ఇచ్చాం, పై అంతస్తు పని ముగిసి, మళ్లీ పెళ్లిళ్లు మొదలై హాలుకు కిరాయిలు వచ్చాక. అప్పటిదాకా బర్రె లేకుండా బతకగలిగినవాళ్లు బతికారు. సాయమ్మ అని ఒకామె, రెండు బర్రెల పాలతో ముగ్గురు పిల్లల్ని చదివించేది. రెండూ పోయాయి. మాఘం దాకా ఆగలేక పెద్దపిల్లను బడి మాన్పించి, తను మా ఫంక్షన్ హాల్లోనే గిన్నెలు తోమే పనికి కుదిరింది. ఇప్పటికీ తోముతుంది. ఏసీ హాలు గిన్నెలు కూడా. ఈ సంగతి మీద నాకు ఇంతవరకు ఒక్క జోకూ తట్టలేదు.

కాంపౌండర్ సార్ మళ్లీ బిళ్లలు వెయ్యలేదు. ఆయన పేరు మాత్రం ఊళ్లో స్థిరపడింది: సూది సార్. ఎందుకలా అంటారో ఇప్పటి పిల్లలకు తెలియదు. పేరు పెట్టినవాడికి తెలుసు.

ఈ మధ్య తెలంగాణ కోసం రిలే దీక్షల టెంటులో ఆయన్ని చూశాను. మైకు నా చేతిలోనే ఉంది, టెంట్లు మారినా మైకు నన్ను వదలదు. ఆయన వచ్చి చాప మీద కూర్చోగానే ఎవడో, "సూది సార్ వచ్చిండు, జర పైలం" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. రెండు మాటలు మాట్లాడండి సార్ అని ఎవరో అంటే చెయ్యి అడ్డంగా ఊపి నన్ను చూపించాడు.

"ఆ పిల్లగాడు మాట్లాడ్తడు తియ్యి. మంచిగ మాట్లాడ్తడు."

నా మనసులో ఏముందో ఆయనకు తెలుసా? మీటింగు ముందురోజు రాత్రి అద్దం సంగతి, చైర్మన్ సాబ్ సంగతి తెలిసే అన్నాడా? లేక తొమ్మిదేళ్ల తర్వాత కూడా నన్ను నమ్ముతూనే ఉన్నాడా? ఈ రెండింట్లో ఏది నయమో నేను తేల్చుకోలేదు. మైకు చేతిలో ఉంది. అప్పుడే చెప్పి ఉండొచ్చు. నినాదం ఇచ్చి, వచ్చే వక్తను పిలిచాను.

కుర్చీ కింద పడిన కాగితం నా దగ్గరే ఉంది. ఆ రోజు ఊడ్చేవాళ్ల కంటే ముందు తీసి జేబులో పెట్టుకున్నాను. ఎందుకో తెలియదు. మంచితనం అయితే కాదు. ఇది రాసే ముందు ఇంకోసారి తీసి చూశాను. నెల నెలా, వరస వరసా. బీకాం చదివినందుకు ఆ మాత్రం పని చెయ్యాలి కదా.

ఇందులో తప్పేమన్నా ఉన్నదా అని అడిగాడు. టేబుల్ దగ్గర చెప్పి, హాల్లో మింగేసిన జవాబు ఇది.

లేదు సార్. కరెక్టే.