క్వార్టర్‌బ్యాక్‌కి దిష్టి తీసిన శీతాకాలం

మొన్న ఆదివారం మా అమ్మాయి వాళ్ళింట్లో మా అల్లుడూ, అతని స్నేహితులూ టీవీ ముందు చేరారు. గోడంత టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ నడుస్తోంది గాని ఒక్కడి తల కూడా పైకి లేవదు, అందరి చూపూ చేతిలో ఫోన్ మీదే. మా ఊరి జట్టులో బంతి విసిరే కుర్రాడు, అదే, క్వార్టర్‌బ్యాక్ అంటారే, అతను మళ్ళీ బంతిని అవతలివాళ్ళ చేతుల్లోకే విసిరాడట. ఇక చూడండి నా సామిరంగా, ముక్కూ మొహం తెలియని జనంతో కలిసి ఆ పిల్లాణ్ణి ఫోన్లలో ఉతికి ఆరేయడం! మా అల్లుడు తలెత్తకుండానే, "హీ ఈజ్ డన్, అత్తయ్యా. బెంచ్ చేసేయాలి," అన్నాడు, అంటే ఆటలోంచి తీసి పక్కన బెంచ్ మీద కూర్చోబెట్టాలని. పకోడీల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ నాకు ఎక్కడినుంచో ఎండుమిరపకాయల ఘాటు గొంతుకి తగిలినట్టయి దగ్గొచ్చింది. వంటింట్లో ఏ మిరపకాయలూ మాడటం లేదు. అది ఇరవై ఏళ్ళ కిందటి ఘాటు.

మీలో చాలామందికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఇండియాకి ఫోన్ చేయాలంటే దేశీ కొట్లో కార్డు కొనుక్కొచ్చి, నాణెంతో దాని వెనక గీకి, అంతులేని నంబర్లు నొక్కి, లైన్ కలిసేసరికి ఏం మాట్లాడాలనుకున్నామో మరిచిపోయే కాలం అది. కార్ల కంపెనీలకు దగ్గరగా నోవై అనే ఊళ్ళో మేం ఇల్లు కొనుక్కుని అప్పటికి ఏడాది కూడా కాలేదు, మా అమ్మాయి మూడో క్లాసు చదువుతోంది, నాది డిపెండెంట్ వీసా కనుక ఉద్యోగం చేయడానికి వీల్లేక వంటింటినే ఆఫీసు చేసుకుని ఏలుతున్నాను. సరిగ్గా మంచు మొదలయ్యే ముందు మా అత్తగారు గుంటూరు నుంచి ఆర్నెల్లు ఉండడానికి వచ్చారు. ఎండాకాలం రమ్మంటే వినలేదు, మనవరాలికి మంచులో తోడు కావాలట. తీరా వచ్చాక కిటికీలోంచి ఆ తెల్లటి వీధిని రెండు రోజులు చూసి, "ఇదేం ఊరే అమ్మా, మనుషుల్ని ఫ్రిజ్‌లో పెట్టినట్టుంది," అని ఓ పెద్ద నిట్టూర్పు విడిచారు. ఆ తరవాత ఆవిడకి ప్రపంచమంటే మా హాల్లో టీవీయే.

ఆదివారం మధ్యాహ్నమైతే ఆ టీవీ ఆవిడది కాదు. మా వారూ, ఆయన ఆఫీసులోనే పనిచేసే వరంగల్ కుర్రాడొకడూ దాని ముందు బైఠాయించేవారు. ఆ అబ్బాయి మా వారిని అన్నా అనీ, నన్ను వదినా అనీ పిలిచేవాడు కనుక నాకు మరిది వరస, మా అత్తగారికి అడక్కుండా దొరికిన ఇంకో కొడుకు. పెళ్ళి కాలేదు, వంట రాదు, ఆదివారం భోజనం మా ఇంట్లోనే. నోట్లో నువ్వుగింజ నానదు. అప్పట్లో మా జట్టు క్వార్టర్‌బ్యాక్ ఓ పాతికేళ్ళ పిల్లాడు, ఎంతో గొప్పగా ఆడతాడని తెచ్చుకుంటే వారం వారం ఓడిస్తున్నాడు. వాణ్ణి ఉంచాలా, తీసేయాలా అనే వాదన ఆ శీతాకాలం మా ఊరంతా నడిచింది. పెట్రోలు బంకులో అదే, పిల్లల బస్సు దగ్గర అదే, ఆఫీసులో కాఫీ మెషిన్ దగ్గరా అదేనట. మా మరిది మాత్రం రెండో ఆలోచన లేకుండా, "అన్నా, గీన్ని తీసేసి బెంచ్ మీదున్నోన్ని దింపాలె. గీడు పనికిరాడు, ఐపోయిండు," అని తీర్పు చెప్పేసేవాడు. మామూలుగా అయితే మా వారూ వంత పాడేవారే. ఆ ఏడు మాత్రం ఆ వాదన మొదలవగానే రిమోట్ తిప్పుకుంటూ కూర్చునేవారు.

ఎందుకో నాకు తెలుసు. ఆయన్ని కూడా అప్పుడు బెంచ్ మీదికి పంపడానికి సిద్ధం చేస్తున్నారు.

కారు తలుపుల గొళ్ళేలు గడ్డకట్టే చలిలో కూడా సరిగా పడుతున్నాయా లేదా అని పరీక్షించడం మా వారి పని. ఆ గొళ్ళెం నమూనా గీసే పని మా మరిదిది. ఆ ఏడు మా మరిది ఒక కొలత మార్చి, ఆ సంగతి ఈయనకు చెప్పడం మరిచిపోయాడు. ఈయన పాత కొలతదాన్నే పరీక్షించి సరేనన్నారు. తీరా కొత్తవి కార్లకెక్కాక చలికి బిగుసుకుపోయి తలుపులు తెరుచుకోలేదు. పెద్ద రభస అయింది. పరీక్ష నీదే కదా అని మేనేజర్ ఈయన్ని పెర్ఫార్మెన్స్ ప్లాన్ అనేదాంట్లో పెట్టాడు, అంటే పండగ సెలవులు వెళ్ళాక పని తీరు చూసి ఉంచడమో, పంపడమో తేలుస్తారన్నమాట. హెచ్‌వన్ వీసా మీద ఉన్నవాళ్ళకి పంపడమంటే ఉద్యోగం ఒక్కటే పోవడం కాదని మీకు చెప్పక్కర్లేదు. ఇల్లు, అమ్మాయి బడి, గ్రీన్‌కార్డు ఫైలు, అన్నీ ఒక్క సూట్‌కేసులో సర్దుకోవాలి. మా మరిది ఈయన దగ్గరికొచ్చి, తప్పు తనదేనని గొణిగి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, మళ్ళీ మేనేజర్ ముందు తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. ఈయనైనా నోరు విప్పారా? "వాడిదీ హెచ్‌వన్నే, ఫైల్ మొన్ననే వేశారు, నేను వాడి పేరు ఎలా చెప్పను?" అన్నారు. వాళ్ళమ్మకు తెలియనివ్వొద్దని నా చేత ఒట్టు కూడా వేయించుకున్నారు.

ఇక నా పరిస్థితి ఆలోచించండి. మింగలేను, కక్కలేను. మా కొంప ముంచినవాడికి ప్రతి ఆదివారం నా చేత్తో వేడి వేడి మిరపకాయ బజ్జీలు వేసి పెట్టాలి, వాడేమో అవి తింటూ ఎవరో క్వార్టర్‌బ్యాక్‌ని పనికిరానివాడని తిడుతుంటే వినాలి. నాకు ఒళ్ళు మండిపోయేది. బజ్జీలో పచ్చిమిరపకాయ గింజలు తీయకుండా వేసేదాన్ని, అదీ నేను చేయగలిగిన ప్రతీకారం. వాడు "మస్తున్నయ్ వదినా" అని ఇంకో నాలుగు తినేవాడు.

మా అత్తగారు మొదట్లో ఆ ఆటను చూసి ముక్కు మీద వేలేసుకున్నారు. తరవాత, చిన్నప్పుడు వాళ్ళ అన్నదమ్ములు ఆడిన చెడుగుడు లాంటిదే కదా ఇదీ అని తేల్చుకుని, మనవరాల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడడం మొదలుపెట్టారు. మా అమ్మాయి తెలుగు అప్పటికే అమెరికా నీళ్ళు తాగింది. "నానమ్మా, అతను బాల్ వాళ్ళకి ఇచ్చేసింది. వెరీ బ్యాడ్," అని వివరించేది. అత్తగారికి గెలుపోటములు పట్టలేదు. ఒక పిల్లాడు, వాడి మీదికి ఏనుగుల్లాంటి మనుషులు వచ్చి పడడం, వాడు కుంటుకుంటూ లేచి మళ్ళీ నిలబడడం, అంతే కనిపించింది. "ఒరేయ్, వాణ్ణలా తిట్టకండిరా, కన్నతల్లి వింటే ఏమైపోతుంది?" అని ప్రతివారం ఈ ఇద్దరి మీదా కేకలేసేవారు. తిట్లన్నీ తెలుగులోనే, ఆ తల్లికి తెలుగు ముక్క రాదు, అయినా ఎక్కడ వినబడతాయోనని ఆవిడకు భయం.

ఆ పిల్లాడు మరీ ఘోరంగా ఆడిన ఒక ఆదివారం మా అత్తగారికి రోగం అంతుపట్టింది. ఇంతమంది కళ్ళు పడితే ఎవడు మాత్రం ఆడతాడు, వాడికి దిష్టి తగిలింది అన్నారు. మేం వద్దనేలోపే గుప్పిట్లో ఉప్పూ, ఎండుమిరపకాయలూ పట్టుకొచ్చి, టీవీలో వాడి మొహం పెద్దగా కనబడేదాకా కాచుకుని, టీవీ ముందు మూడుసార్లు తిప్పి, తిన్నగా వెళ్ళి మా కరెంటు పొయ్యి మీద వేశారు. నవ్వి అప్పటికి ఎన్ని వారాలయిందో గాని, మా వారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు చూసి ఏడుపొచ్చింది నాకు. అంతలో ఘాటుకి అందరికీ దగ్గు, స్మోక్ అలారం ఇల్లెగిరిపోయేలా గోల, తలుపులు తెరిస్తే లోపలికి మంచుగాలి, పక్కింటావిడ కంగారుపడి ఫోన్ చేసినట్టుంది, కాసేపటికి మా గుమ్మం ముందు ఎర్రటి ఫైరింజను!

లోపలికొచ్చిన ఇద్దరు ఫైర్‌మెన్‌కి మా అమ్మాయి సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. కాని వాళ్ళు నవ్వలేదండీ. ఒకాయన హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, మాడిన మిరపకాయల వైపు గౌరవంగా చూసి, ఇలాంటివి ఇంకో బస్తా ఉంటే స్టేడియానికి పట్టుకెళ్ళమన్నాడు. రెండో ఆయన టీవీ వైపు ఓ కన్నేసి, తప్పు ఆ కుర్రాడిది కాదు, కోచ్‌దన్నాడు. కాదు, కుర్రాడిదే అని మా మరిది అందుకున్నాడు. ఫైరింజను బయట దీపాలు తిప్పుకుంటూ నిలబడి ఉండగా మా హాల్లో క్వార్టర్‌బ్యాక్ మీద ఓ మోస్తరు శాసనసభ నడిచింది. వెళ్ళేటప్పుడు వాళ్ళకు అత్తగారు చెరో రెండు బజ్జీలు కాగితంలో చుట్టి ఇచ్చారు.

వాళ్ళు వెళ్ళాక మళ్ళీ అందరం కూర్చున్నామో లేదో, ఆ పిల్లాణ్ణి ఇంకోసారి కింద పడేశారు. ఈసారి వెంటనే లేవలేదు. మా మరిది అలవాటుగా, "జూసినవా అన్నా, గీనితోని గాదు," అన్నాడు. మా అత్తగారికి ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఏరా, అస్తమానం కిందపడ్డవాణ్ణే అంటావే? వాడి ముందు నిలబడి ఆపాల్సినవాడు పక్కకి తప్పుకున్నాడు, నేను చూశాను. వాణ్ణొక్క మాటైనా అనవేరా?"

మా మరిది చేతిలో బజ్జీ చేతిలోనే ఉండిపోయింది. మా వారు తివాచీ వైపు చూస్తూ కూర్చున్నారు. గరిటె పట్టుకుని గుమ్మంలో ఉన్న నాకు, ఒట్టు తప్పి నేనే చెప్పేశాననుకుంటారేమోనని భయం వేసింది. అత్తగారు మాత్రం టీవీలోంచి కళ్ళు తిప్పలేదు. "హమ్మయ్య, లేచాడు," అనుకుని చేతులెత్తి దణ్ణం పెట్టుకున్నారు. ఆట పూర్తవకుండానే మా మరిది పనుందని చెప్పి, భోంచేయకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు మా వారి కారు వేళకాని వేళ ఇంటి ముందుకొచ్చి ఆగింది. ఆయన దిగరు. అయిపోయింది, చీటీ చేతిలో పెట్టి పంపేశారు అనుకుని, కోటు కూడా వేసుకోకుండా మంచులోకి పరిగెత్తాను. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నారు, కళ్ళు ఎర్రబడ్డాయి. మా మరిది పొద్దున్నే మేనేజర్ గదిలోకెళ్ళి, కొలత మార్చింది తనే, చెప్పనిది తనే అని మొత్తం చెప్పేశాడట. ఎవరూ అడగకుండానే. సెలవులు గడిచాక ఆ ప్లాన్ గీన్ అన్నీ తీసేశారు, మా వారు ఆ కంపెనీలోనే రిటైరయ్యారు. మా మరిదికి ఉద్యోగం పోలేదు గాని, రావలసిన ప్రమోషన్ పోయింది, తనకన్నా వెనక చేరినవాడి కింద పనిచేశాడు.

వాడు మాత్రం ఆ తరవాత మా ఇంటికి రావడం మానేశాడు. సిగ్గు. మా అత్తగారికి ఇదంతా తెలియదు కదా, పాపం, ఆటలో తను కసురుకున్నందుకే పిల్లాడు అలిగాడనుకున్నారు. ఆదివారం వాడి కంచం పెట్టడం, తీయడం. చివరికి ఓ రోజు నా చేత నంబరు నొక్కించి, "ఏరా, ఆకలేయట్లేదా నీకు? రా, గుత్తొంకాయ చేయించాను," అన్నారు. వచ్చాడు. గుమ్మంలో బూట్లు కూడా విప్పకుండా నిలబడితే ఆవిడే ఎదురెళ్ళి, "ఏదో ఆటలో ఒక మాటన్నానురా, మనసులో పెట్టుకోకు," అన్నారు. మా మరిది ఒంగి ఆవిడ కాళ్ళు పట్టుకున్నాడు. వాడు ఏడుస్తుంటే ఆవిడ కంగారుపడి, "అయ్యో, అంత పెద్ద మాటేం అన్నానే?" అని నన్నడిగారు. ఆ రోజు బజ్జీలకు గింజలన్నీ తీసేశాను.

ఆ క్వార్టర్‌బ్యాక్‌కి మాత్రం దిష్టి దిగలేదు. సీజన్ అయిపోగానే పంపేశారు. అత్తగారు గుంటూరు వెళ్ళాక ఫోన్ చేసినప్పుడల్లా ఆ పిల్లాడెలా ఉన్నాడని అడిగేవారు, వేరే ఊరి జట్టులో బ్రహ్మాండంగా ఆడుతున్నాడని మేం చెప్పేవాళ్ళం. తన మాట ఆ రోజు ఎవరికి తగిలిందో, ఎవరి ఇల్లు నిలబెట్టిందో ఆవిడకు పోయేదాకా తెలియదు. చెప్పి ఉండవలసిందని ఇప్పుడనిపిస్తుంది. మా మరిది తరవాత మంచు లేని దక్షిణాదికి, అల్ఫారెట్టా అనే ఊరికి వెళ్ళి స్థిరపడ్డాడు, జుట్టు నెరిసింది, ఇప్పటికీ ఆదివారం ఆట అవగానే ఫోన్ చేస్తాడు. ఎవడెంత చెత్తగా ఆడినా సరే, వాడి మొదటి మాట, "వదినా, ముందటోల్లు ఎట్ల నిలబడ్డరో జూసినవా?"

మొన్న మా అల్లుడి చేతిలో ఫోన్ తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఆ తిట్లన్నీ చదవబోయాను. రెండు చదివి ఇచ్చేశాను. మా రోజుల్లో మాత్రం తిట్టలేదా అంటే, తిట్టాం, బజ్జీలు నములుతూ మరీ తిట్టాం. కాని తిట్టాలంటే ఒక హాల్లో, ఒక సోఫాలో, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ తిట్టాల్సి వచ్చేది, పక్కనే కూర్చుని ఎవరో ఒకరి అమ్మ వింటూ ఉండేది. ఇప్పుడు మాట పెరిగింది, నోరు కనబడదు, ఎవరి మాట ఎవరికి తగులుతోందో చూసే కన్నూ లేదు. పకోడీలు బల్ల మీద పెట్టి, అప్పట్లో మా ఇంట్లో మా అత్తగారు కూర్చున్నట్టే, సోఫా చివర చోటు చేసుకుని కూర్చున్నాను. టీవీలో ఆ పిల్లాడు మళ్ళీ కింద పడ్డాడు.

"వాణ్ణలా తిట్టకండిరా," అన్నాను. ఆరుగురూ ఒక్కసారి తలలెత్తి చూశారు.