నోరు తెరవని ఏడాది

పలమనేరు దగ్గర పల్లెలో మల్బరీ తోట పెట్టి పట్టుపురుగులు మేపే ఇల్లు మాది. డిగ్రీ దాకా తెలుగు మీడియంలోనే చదివాను. క్లాసులో సందేహం వస్తే ముందు లేచేది నేనే. తిరుపతిలో యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ సీటు వచ్చినప్పుడు, మా బంధువుల్లో అంత చదువు చదివినవాళ్లు ఎవరూ లేరు.

మొదటి సెమినార్‌ ఇంగ్లీషులో చెప్పాలన్నారు. మొత్తం బట్టీ పట్టి వెళ్లాను. బోర్డు ముందు నిలబడ్డాక, ‘డిటర్మిన్’ అనాల్సిన మాటను అక్షరాలు చూసి నేర్చుకున్నట్టే ‘డిటర్మైన్’ అన్నాను. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. పెద్ద నవ్వేమీ కాదు. కానీ తర్వాతి వాక్యం గుర్తుకు రాలేదు. సారు కాసేపు చూసి, బాగా తయారై మళ్లీ రమ్మని కూర్చోబెట్టారు. జరిగింది అంతే. సాయంత్రం దాకా నా చెవులు కాలుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత పాఠం అర్థం కాకపోయినా అడగలేదు. మనసులో ఇంగ్లీషు వాక్యం కూర్చుకునేలోపు సారు బోర్డు తుడిచేసేవారు. హాస్టల్లో అమ్మాయిలు కలిసి చదువుకుంటుంటే, నాకు రాదని బయటపడుతుందని తలనొప్పి సాకుతో గదిలో పడుకునేదాన్ని. మెల్లగా క్లాసులు మానేశాను. లైబ్రరీలో ఒకే పేజీ తెరుచుకుని కూర్చునేదాన్ని. ఏడాది చివర సెమిస్టర్ ఫలితాల్లో రెండు పేపర్లు పోయాయి. అమ్మకు ఫోన్‌ చేసి చెప్పబోతే ఏడుపొచ్చింది.

మర్నాడే నాయన బస్సెక్కి వచ్చాడు. గేటు దగ్గరున్నానని ఫోన్‌ చేస్తే వెళ్లాను. రోడ్డు అవతల, బస్సుల కోసం కట్టిన షెడ్డులో ఒక మూల నిలబడి ఉన్నాడు. భుజం మీద ఎప్పుడూ ఉండే టవల్ మడిచి సంచిలో పెట్టేసుకున్నాడు. లోపలికి రమ్మన్నాను.

“ఈడే బాగుండాది లేమ్మా. ఆడంతా సదువుకున్నోళ్లు. నన్ను సూస్తే నీకే నామర్దా.”

పలమనేరులో బ్యాంకుకు పోయినప్పుడు కూడా నాయన ఇలాగే నిలబడేవాడు. ఏ కిటికీ దగ్గరికి పోవాలో అడగలేక, కాగితం చేత్తో పట్టుకుని, ఎవరైనా పలకరిస్తారేమోనని చూసి చూసి, ఇంటికి వచ్చేసేవాడు. ఏడాదిగా నేను క్లాసులో చేస్తున్నదీ అదే.

ఏమైందో చెప్పాను. నవ్విన సంగతి కూడా చెప్పాను. నాయన సంచి భుజానికి తగిలించుకుని, మీ సారు యాడుంటాడని అడిగాడు. వద్దన్నా వినలేదు.

సారు గది బయట చెప్పులు విడిచాడు. లోపల నా క్లాసు అమ్మాయిలు ఇద్దరు రికార్డుల మీద సంతకాలు పెట్టించుకుంటున్నారు. వాళ్లు పోయేదాకా ఆగుదామన్నట్టు నాయన చెయ్యి పట్టుకుని లాగాను. ఆయన అప్పటికే నమస్కారం పెట్టేశాడు. సారు కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“సారూ, మా బిడ్డకి సదువు రాదా, అడిగేది రాదా? సదువు రాకపోతే ఇంటికి పిల్సుకోని పోతాను. అడిగేది రాకపోతే మాత్రం అది మా ఇంట్లో నేర్సుకున్నదే. మేమెవురమూ ఎవుర్నీ ఏమీ అడిగి ఎరగం.”

నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఆ అమ్మాయిలు వింటున్నారని సిగ్గు, నాయన వాళ్ల ముందు తనను తాను తగ్గించుకోవాల్సి వచ్చినందుకు అంతకన్నా పెద్ద సిగ్గు.

సారు పెన్ను పక్కన పెట్టి, ఏ పాఠం దగ్గర ఆగిపోయావని నన్ను అడిగారు. మొదటిదాని దగ్గరే సార్ అన్నాను, తెలుగులో. రేపటి నుంచి మధ్యాహ్నం క్లాసులయ్యాక రమ్మన్నారు. “తెలుగులోనే అడుగు,” అన్నారు.

నాయనను బస్సెక్కించి హాస్టల్‌కు తిరిగి వచ్చేసరికి, సారు గదిలో ఉన్న ఇద్దరిలో ఒకమ్మాయి నా గది ముందు నిలబడి ఉంది. తిరుపతి అమ్మాయే, చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు మీడియం. నవ్వింది తనేనేమో అనుకున్నాను. తను మాత్రం, “రేపు నేనూ వస్తా. ఆ పాఠం నాకూ అర్థం కాలా. అడిగితే పరువు పోతాదని ఊరకుండినాను,” అంది.

పోయిన పేపర్లలో ఒకటి మరుసటి సారి గట్టెక్కింది. రెండోది ఇంకోసారి కూడా పోయి, ఆఖరి సెమిస్టర్‌తో కలిపి రాస్తే పాసయింది. నాకు గొప్ప మార్కులేమీ రాలేదు. ఇప్పుడు ఏర్పేడు దగ్గర ఒక చిన్న కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. మీటింగుల్లో ఇంగ్లీషులో మాట్లాడాల్సి వచ్చినప్పుడు చెవులు ఇంకా వేడెక్కుతాయి. తప్పులు కూడా దొర్లుతాయి. అయినా చెప్పదలచుకున్నది చెప్పేసే కూర్చుంటాను.