మూడో టచ్

బస్సు టైరు పేలిన చోటే టీకొట్టు ఉండడం మా అదృష్టమో, ఆ కొట్టతని ముందుచూపో చెప్పలేను. చాలా రోడ్ల మీద చాలా టైర్లు పేలగా చూసినవాణ్ణి. పక్కన నీడయినా లేని చోట పేలడమే వాటి స్వభావం. అందుకని కొంచెం అనుమానంగానే బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నాను. ఆఖరి గుక్క ఇంకా గొంతు దిగనేలేదు, ఎదురుగా కూర్చున్నావిడ చెయ్యి చాపింది.

"అయిపోయిందా పెద్దాయనా? ఆ గ్లాసు ఇటివ్వండి."

కొట్టులో పనిచేసే మనిషేమోననుకుని ఇచ్చాను. కాదు, ఆవిడా మా బస్సు ప్రయాణికురాలే. నా గ్లాసు, తన గ్లాసు, డ్రైవరు గ్లాసు, మిగతా ప్రయాణికుల ఖాళీ గ్లాసులు, ఇంకా తాగుతున్న ఒకాయన చేతిలోంచి దాదాపు లాక్కున్న గ్లాసు, అన్నిటినీ నేలమీద బోర్లించి రెండు వరసలు పేర్చింది. మధ్యలో సన్నటి సందు, దాని చివర అడ్డంగా ఒక్క గ్లాసు. కొట్టతని బుట్టలోంచి ఒక నిమ్మకాయ తీసుకుని, రెండు వేళ్ళను కాళ్ళలా నిలబెట్టి, ఆ నిమ్మకాయను సందులోంచి నడిపించుకుంటూ పోయింది. మొదటికొచ్చి మళ్ళీ మళ్ళీ నడిపించింది. ఆఖరి గ్లాసు దగ్గర ప్రతిసారీ వేళ్ళు ఎడమకి ఒరిగినట్టే ఒరిగి కుడివైపు నుంచి జారుకున్నాయి.

"గ్లాసులు పగులుతాయమ్మా," అన్నాడు కొట్టతను.

"నిమ్మకాయ తగిలితే కదా పగలడానికి."

"ఆ నిమ్మకాయ కూడా నాదే."

"ఉంచుకో అన్నా. నాకెందుకు, నా దగ్గర పులుపు చాలినంత ఉంది."

ఆ మాట విన్నాక నేను ఊరుకోలేకపోయాను. బెంచీ చివరికి జరిగి అడిగాను.

ఆవిడది ఆస్పత్రిలో ఉద్యోగం. వార్డుల్లోంచి మాసిన దుప్పట్లు, పక్కబట్టలు తోపుడుబండిలో వేసుకుని లాండ్రీకి చేర్చడం, ఉతికినవి మళ్ళీ వార్డులకు చేర్చడం. సాయంత్రాలు సిబ్బంది క్వార్టర్సు ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతుంది. ఎల్లుండి వాళ్ళకు మ్యాచ్ ఉంది. మర్నాడు పొద్దున పిల్లలతో చేయించాల్సిన డ్రిబ్లింగ్ ప్రాక్టీసుకు ఈ గ్లాసులు నమూనా. డ్రిబ్లింగంటే ఏమిటో నాకు తెలియదేమోనని తనే చెప్పింది, బంతిని కాలికి అంటిపెట్టుకుని మనుషుల మధ్యలోంచి తీసుకుపోవడమని.

"మా వరండాలో బండి తోసినట్టే. దూరంగా తోస్తే ఎవరో ఒక పేషెంటుకి తగులుతుంది. చేతికి అందేంత దూరంలో ఉండాలి, చూపు మాత్రం బండి మీద ఉండకూడదు, ఎదురొచ్చేవాళ్ళ నడుము మీదుండాలి. నడుం ఎటు తిరిగితే మనిషి అటే పోతాడు. కళ్ళు అబద్ధమాడతాయి, నడుం ఆడదు."

"ఎల్లుండి మ్యాచ్ అంటున్నావు. గెలవాలన్న పట్టుదలా?"

"గెలవడానికయితే గోలు కొట్టడం నేర్పేదాన్ని. ఇది మా బావ కోసం."

బావ అనే మాటను తెలుగువాళ్ళు రకరకాలుగా పలకగా విన్నాను. ముద్దుగా, వెటకారంగా, అప్పుడప్పుడు భయంగా. ఈవిడలా, పళ్ళ సందులోంచి రాయి ఏరి పారేసినట్టు పలకగా వినడం అదే మొదలు.

సంగతేమిటంటే, ఈవిడ చిన్నప్పుడు వాళ్ళ పేట ఆడపిల్లల జట్టుకు ఆ బావే కోచ్. అప్పటికింకా బావ కాలేదు. ఆయనకొక నియమం ఉండేది. బంతిని రెండుసార్లకు మించి ఎవరూ తాకకూడదు. ఒకటి ఆపడానికి, రెండు అందించడానికి. మూడో టచ్ పడిందంటే ఈల మోగేది, అందరూ ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా ఆగిపోవాలి, తాకిన పిల్ల తిట్లు తినాలి. ఈవిడకు మూడోది, నాలుగోది, పదోది తాకితే గాని తోచేది కాదు. జట్టులో 'బంతి పిసినారి' అని పేరు పెట్టాడు. చాలక, ఇంటికొచ్చి ఈవిడ నాన్నకు ఫిర్యాదు చేశాడు.

"నామీద ఫిర్యాదు చెయ్యడానికొచ్చి మా అక్కను చూసుకున్నాడు. ఆ తర్వాత వారం వారం ఫిర్యాదులే. నేను బుద్ధిగా ఆడిన వారం కూడా వచ్చాడు."

పెళ్ళయింది. జిల్లా జట్టుకు పిల్లల్ని ఎంచుకునేవాళ్ళు వచ్చిన రోజున, బావ ఈవిడను బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్ళ సీసాలు కాపలా కాయమన్నాడు. ఆ స్థానంలో తన చెల్లెల్ని ఆడించాడు. చెల్లెలు ఎంపికయింది, ఏడాది తిరక్కుండా బూట్లు అటకెక్కించింది. అంతటితో ఆగినా పోయేది. ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చున్న ప్రతిసారీ ఆయన ఈ కథే ఎత్తుకుంటాడు. మా మరదలు బంతిని వదలదండోయ్, బీరువాలో పెట్టి తాళం వేసుకుంటుంది. అందరూ నవ్వుతారు.

"అందరికంటే గట్టిగా నవ్వేది మా అక్క," అంది. "ఇన్నేళ్ళయింది. ముద్ద నోట్లో పెట్టుకునే వేళకే మొదలెడతాడు. ఆ నవ్వు ఆగాలి. అంతే, ఇంకేం వద్దు."

ఇప్పుడా బావ ఎదుటి జట్టుకు కోచ్. ఎల్లుండి మ్యాచ్ ఆయనతోనే.

"మరి ఆ ఆఖరి గ్లాసుకి ఎప్పుడూ ఒకవైపు నుంచే ఎందుకు పోతున్నావు?"

నిమ్మకాయను అరచేతిలో దొర్లించుకుంటూ చెప్పింది. బావ జట్టులో వెనక కాపు కాసేది ఆయన కూతురే. ఆ పిల్లకు ఆమధ్య ఎడమ కాలు విరిగింది. చక్రాల కుర్చీ తోసింది, కట్టు విప్పాక వేలు పట్టుకుని నడిపించింది ఈ పిన్నే. ఆ కాలిమీద బరువెయ్యడానికి పిల్ల ఇప్పటికీ జంకుతుంది. ఎదురొచ్చేవాళ్ళ కుడి ఆ పిల్లకు ఎడమ, అటు తిరగాలంటే ఒక్క క్షణం ఆలస్యం. ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అనలేదు. ప్రాక్టీసంతా ఆ ఒక్క క్షణం చుట్టూ అల్లింది.

"బావ మీద పగ పిల్ల మీద పడుతోంది కదమ్మా," అన్నాను.

"పిల్ల పడితే మోకాలు గీసుకుంటుంది, మందు రాస్తాను. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టిన చోట ఏం రాస్తారు?"

పగబట్టిన మనుషులు నాకు చాలామందే తారసపడ్డారు. పొరుగింటివాడికి గాలి రాకూడదని గోడ లేపి, తన వంటగదిని చీకటిచేసుకుని, పట్టపగలు దీపం వెలిగించుకుని తృప్తిగా వండుకునే పెద్దమనిషి ఇంట్లో ఒకసారి భోంచేశాను. ఉప్పు ఎక్కువైంది, ఆ గుడ్డిదీపం వెలుగులో ఆయనకు కనపడలేదు. ఈవిడ కట్టే గోడ ఎటు పడుతుందో చూడాలనిపించింది. నేను దిగాల్సిన ఊరు ఇంకా ముందుంది, కాని అక్కడ నాకోసం ఎదురుచూసేవాళ్ళెవరూ లేరు. ఆవిడ దిగిన చోటే దిగిపోయాను.

పొద్దున్నే ఆస్పత్రి లాండ్రీ వెనక మైదానానికి వెళ్ళాను. ఒక పక్కంతా తీగల మీద దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. వార్డుల్లో పనికిరావని పారేసిన ప్లాస్టిక్ మగ్గుల్ని గోనెసంచిలో తెచ్చింది. ముందు ఒక్కో పిల్లకి ఒక్కో బంతి ఇచ్చి, చిన్న గడిలో అందర్నీ ఒకేసారి తిరగమంది. తను పెద్ద బట్టల మూట ఎత్తుకుని వాళ్ళ మధ్య అడ్డదిడ్డంగా నడవడం మొదలుపెట్టింది. మూటకు గుద్దుకున్న పిల్ల ఆ మూట మొయ్యాలి. కాసేపటికి తలలు వాటంతటవే పైకి లేచాయి. తర్వాత మగ్గుల సందు. పాదం లోపలి అంచుతో ఒకసారి, బయటి అంచుతో ఒకసారి. సందు చివర కాపలాదారుగా చక్రాలున్న సెలైన్ స్టాండు. దాని చక్రమొకటి తుప్పుపట్టి ఎడమకి తిరగదు. ఏరి ఏరి తెచ్చినట్టుంది.

జట్టులో అందరికంటే చురుకైన పిల్లను బొంగరం అంటారు. అది ఆగి అడిగింది. "అక్కా, ఎప్పుడూ ఇటే ఎందుకు? అటు నుంచి పోతే ఏమవుద్ది?"

"ఏం కాదు. అందుకే వద్దు."

అప్పుడే ఒక పిల్ల సైకిలు మీద వచ్చింది. హ్యాండిలుకు అన్నం డబ్బా వేలాడుతోంది.

"పిన్నీ, అమ్మ నీకిమ్మంది," అంటూ మగ్గుల్ని, స్టాండును చూసి ముచ్చటపడింది. "దాని బదులు నేను నిలబడనా?"

వద్దనడానికి ఆవిడకు కావలసినంత సమయముంది. డబ్బా అందుకుంది, మూత సరిచేసింది. "నిలబడు," అంది.

ఒకరి తర్వాత ఒకరు ఆ పిల్లను దాటిపోయారు, అందరూ ఆ పిల్లకు ఎడమ పక్కనుంచే. బొంగరం వచ్చేసరికి ఆ పిల్ల తిరగబోయి కాలు తడబడి బోర్లాపడింది. లేచి మోచేతి మట్టి దులుపుకుంది. ఏడవలేదు. మగ్గుల వరస వంక, స్టాండు చక్రం వంక చూసింది. పిల్లలనుకుంటాం గాని, వాళ్ళకు లెక్క కట్టి చెప్పక్కర్లేదు.

"ఇదంతా నాకోసమా పిన్నీ?"

"మీ నాన్నకోసం."

"కాలు విరిగింది నాన్నకా?"

పిన్ని ఒరిగిన మగ్గునొకదాన్ని సరిచేసింది. దుప్పట్లు టపటపా కొట్టుకున్నాయి. పిల్ల మగ్గుల వరస చూపించింది. "నాక్కూడా నేర్పవా ఇది?"

"నేర్చుకుని ఏం చేస్తావే? మీ నాన్న రెండు దాటనిస్తాడా?"

"దాటనివ్వడు. మూడోది తాకానంటే అన్నం దగ్గర కూడా అదే గోల. నువ్వూ మీ పిన్నిలాగే తయారయ్యావంటాడు."

"అంటాడా?"

"రోజూ."

అప్పుడు నవ్విందావిడ. ఆ నవ్వులో అక్క కూతురి మీద ప్రేమే పొంగిందని రాస్తే చదివేవాళ్ళకు హాయిగా ఉంటుంది. నేను చూసింది మాత్రం, పోగొట్టుకున్న కత్తి సొంత అరలోనే దొరికినవాళ్ళ నవ్వు. స్టాండును పక్కకు ఈడ్చేసింది. మోకాళ్ళ మీద కూర్చుని మగ్గులన్నీ తీసి మళ్ళీ పేర్చింది. ఈసారి సందు మెలికలన్నీ ఎడమకే. బంతి ఎడమ కాలితోనే నడపాలి.

"బరువెయ్యి. ఆ కాలు అతికింది, నేను చూశాను ఎక్స్‌రే ఫోటో. భయం దానికి లేదు, నీకుంది. ఊఁ, మళ్ళీ."

బొంగరానికి ఒళ్ళు మండింది. "అక్కా, అది రేపు మనమీద ఆడేది."

"తెలుసు."

"మరి?"

"నువ్వు ఆపు. ఆపడం కూడా నేర్చుకోవాలిగా."

ఎండ ఎక్కేదాకా సాగింది. వెళ్ళబోయే ముందు అక్క కూతుర్ని దగ్గరికి పిలిచి చెప్పింది. "గోలు కొట్టకపోయినా ఫరవాలేదు. మూడోసారి తాకేటప్పుడు మాత్రం వెనక్కి చూడకు."

మర్నాడు అదే మైదానంలో బావను చూశాను. ఇస్త్రీ చొక్కా, దువ్విన మీసం, నలుగురినీ పలకరించే మనిషి. చెడ్డవాడని నేననను. ఇంటింటికీ ఇలాంటి హాస్యగాడొకడుంటాడు, ఆయన హాస్యానికి మేత కూడా ఆ ఇంట్లోనే ఒకరుంటారు.

"ఏం మరదలా, బంతితోపాటు తాళం కూడా తెచ్చావా?" అన్నాడు అందరికీ వినపడేలా. చుట్టూ నవ్వారు. గొడుగు కింద కూర్చున్న అక్క కూడా నవ్వింది. ఈవిడ గీతకు ఇవతల మగ్గులు పేర్చి తన పిల్లల కాళ్ళు వేడెక్కించసాగింది.

ఆట చాలాసేపు ఎటూ తేలలేదు. చివర్లో బంతి అక్క కూతురి కాళ్ళ దగ్గరికొచ్చింది. ఆపింది. ఒకటి. పక్కకు జరిపింది. రెండు.

"వదులు!" అన్నాడు తండ్రి.

వదల్లేదు. ఎడమ కాలిమీద ఒరిగి బొంగరాన్ని దాటేసింది. బావ రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు. రిఫరీ ఈల కాదది, ఆట ఆగనక్కర్లేదు. కాని ఆ ఈలకు బొమ్మల్లా ఆగిపోవడం అలవాటైన ఆయన జట్టు పిల్లలంతా ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ఆగనిది కూతురొక్కతే. మైదానం సగం ఒంటరిగా ఈదింది. మనిషి తర్వాత మనిషిని తప్పించింది. చివరికి ఎదుటి గోల్‌కీపరు ఆ పిల్ల కాళ్ళమీద పడి బంతి లాక్కుని బలంగా ముందుకు తన్నింది. అటువైపు ఆయన బొమ్మలు ఇంకా కదల్లేదు. వాటి మధ్యలోంచి బొంగరం నింపాదిగా పోయి గోలు కొట్టి వచ్చింది.

ఆట ముగిసింది. బావ జనం వైపు తిరిగి చేతులు చాపాడు. "చూశారా? మూడో టచ్ తాకితే ఇదే గతి. అచ్చం పిన్ని బుద్ధులే."

ఎప్పటిలాగే నవ్వు కోసం ఆగాడు. అటూ ఇటూ చూశాడు. అక్క గొడుగు ముడుస్తోంది. కూతురి మోకాలి మీద నెత్తురు చూసింది, తర్వాత మొగుడి మొహం చూసింది.

"ఈల వేసింది మీరు," అంది.

గట్టిగా అనలేదు. అయినా గీతకు ఇవతల మగ్గులు ఏరుకుంటున్న చెల్లెలి చెయ్యి ఆగిపోయింది. ఒంగిన నడుం ఎత్తకుండానే, ఎవరికీ మొహం కనపడకుండా, ఆ మాటను కాసేపు అలాగే చప్పరించింది. తర్వాత మిగిలిన మగ్గులు సంచిలో వేసుకుని భుజానికెత్తుకుంది.

బావ ఎదురొచ్చాడు. "అది కాదు మరదలా," అని ఏదో మొదలుపెట్టాడు. ఆవిడ చూపు ఆయన నడుం మీదుంది. ఎడమకి ఒరిగినట్టే ఒరిగింది. ఆయన అటు కదిలాడు. కుడివైపు నుంచి దాటుకుని, సంచిలో మగ్గులు గలగలమంటుండగా, దుప్పట్లు ఆరేసిన తీగల మధ్యలోంచి వెళ్ళిపోయింది. అక్కతో మాట్లాడలేదు. వెళ్ళొస్తానమ్మా అని చెబుదామని చెయ్యెత్తిన నా వంక చూడనైనా లేదు.